తూర్పు లైను రెండో మూత

మా ఆవిడ మురుగునీటి పరీక్షలు చేస్తుంది. ఆమె వెళ్ళే బండి నేను నడుపుతాను. మ్యాన్‌హోలు మూతలు ఎత్తేది కూడా నేనే. ఇద్దరిదీ ఒకే నీటి సంస్థలో ఉద్యోగం. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే నేను 'డ్రైవరు' అనేసి ఊరుకుంటాను. ఆమె అలా కాదు. "మీరు ఫ్లష్ నొక్కాక అది వచ్చేది నా దగ్గరికే" అంటుంది. దాంతో అవతలివాళ్ళు చేతిలో ఉన్న బిస్కట్టు పక్కన పెట్టేస్తారు.

మా అక్కకి ఈ ఉద్యోగం పేరు చెబితేనే ఒళ్ళు జలదరిస్తుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. పదో వార్డులో ఆఫీసుల మధ్య చిన్న క్యాంటీన్ నడుపుతుంది. శుభ్రం విషయంలో ఆమె తర్వాతే ఎవరైనా. బల్ల తుడిచిన గుడ్డను ఉడకబెడుతుంది, ఆ ఉడకబెట్టిన గిన్నెను మళ్ళీ తోముతుంది. మేం వెళితే చెప్పులు గుమ్మం బయట, సంచులు ఇంకా అవతల, మేం మాత్రం పెరటి కొళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు. మా ఇద్దరికీ వేరే గ్లాసులు. వాటి అడుగున ఎర్ర రంగు చుక్క పెట్టింది, పొరపాటున మిగతావాటిలో కలవకుండా. మా ఆవిడని ముందు 'మరదలా' అనే పిలిచేది. ల్యాబులో చేరాక 'పెంట డాక్టరు' అయింది.

"నేను మీ ఇంటికొచ్చే ముందు రెండుసార్లు స్నానం చేసొస్తాను వదినా" అని మా ఆవిడ ఒకసారి చెప్పి చూసింది.

"మూడోసారి చేస్తే ఏం పోయింది?" అంది అక్క.

ఆ మాట పట్టుకుని మా ఆవిడ చాలాకాలం వదిన గుమ్మం తొక్కలేదు. నేను మధ్యలో నలిగిపోతూ ఉండేవాడిని.

ఆ ఏడాది ఎండలు ముదిరాక ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఎక్కడ మొదలైందో, ఎటునుంచి పాకుతోందో తెలియక ఆసుపత్రులు నిండిపోయాయి. అప్పుడు మా సంస్థ వాళ్ళకి మురుగు గుర్తొచ్చింది. ఒక వీధిలో జబ్బు పడ్డవాళ్ళు ఎక్కువ ఉంటే ఆ వీధి మురుగులో ఆ క్రిమి ఎక్కువ ఉంటుంది కదా. అన్ని వార్డుల మూతలూ ఎత్తి నీళ్ళు పట్టి పరీక్ష చేయమని మా ఆవిడకి ఆర్డరు వచ్చింది.

ప్రతి మూతకీ ఒక గుర్తు ఉంటుంది. ముందు వార్డు నంబరు, తర్వాత ఆ లైను ఏ దిక్కుకు పోతుందో చెప్పే ఇంగ్లీషు అక్షరం, చివర మూత నంబరు. తూర్పుకు E. పదో వార్డు తూర్పు లైను రెండో మూతను 10E2 అంటారు. మొదటి వార్డు తూర్పు లైను మూడో మూత 1E3. నేను మూత ఎత్తేవాణ్ణి, ఆమె గొలుసు కట్టిన డబ్బా దించి నీళ్ళు పట్టేది, సీసాకి ఆ గుర్తు రాసిన చీటీ అంటించేది. ఎండకి ఆ కంపు బండి సీట్ల దూదిలోకి కూడా ఎక్కిపోయింది. నాకు అలవాటే అయినా ఒక్కో మధ్యాహ్నం అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

పరీక్షలు పూర్తయ్యాయి. ల్యాబు యంత్రం ఒక ఫైలు తయారుచేస్తుంది. ఆమె దాన్ని కేంద్ర కార్యాలయానికి పంపించింది. అక్కడినుంచి ఏ వీధిలో ఏం చేయాలో వాళ్ళు నిర్ణయిస్తారు.

ఒకరోజు పొద్దున్నే అక్క ఫోన్. ఎత్తగానే ఏడుపు. అక్క ఏడవడం నేను అంతకు ముందు అమ్మ పోయినప్పుడే విన్నాను.

"నా క్యాంటీన్‌కి తాళం వేశార్రా. కాగితం అంటించి పోయారు. నా వంటింట్లోంచే ఊరికంతా జబ్బు పాకుతోందంట!"

ఇద్దరం బండిలో వెళ్ళాం. షట్టరు మీద తాళం, తాళం మీద లక్క ముద్ర. దాని పక్కన నీటి సంస్థ కాగితం. వీధిలో జనం చేరారు. నిన్నటిదాకా అక్క దగ్గర తిని పళ్ళు కుట్టుకుంటూ వెళ్ళినవాళ్ళే, ఇప్పుడు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఫోన్లతో వీడియో తీస్తున్నారు. ఎవడో షట్టరు కింది భాగంలో సుద్దతో 'పెంట క్యాంటీన్' అని రాసిపోయాడు. అక్క ఆ అక్షరాల్ని చీర కొంగుతో రుద్దుతూ కింద కూర్చుని ఉంది. సుద్ద పోతోంది కానీ రాసినవాడు గట్టిగా నొక్కి రాశాడు, గీతలు మిగిలిపోతున్నాయి.

మమ్మల్ని చూడగానే లేచింది. నా వైపు కాదు, మా ఆవిడ వైపు.

"వచ్చావా? నీ సీసాల్లోంచి వచ్చిన మాటే కదా ఇది! నా మీద కక్ష తీరిందా?"

మా ఆవిడ కాగితం దగ్గరికి వెళ్ళి చదివింది. మళ్ళీ చదివింది. క్యాంటీన్ మురుగు కలిసే పదో వార్డు తూర్పు లైను రెండో మూత పేరు దగ్గర ఆమె పెదాలు కదిలాయి.

"వదినా, ఇది నేను పంపింది కాదు."

"నీ ఆఫీసు ముద్ర ఉంది!"

"ముద్ర ఉంది. కానీ పదో వార్డు రెండో మూత నీళ్ళు నేనే పరీక్ష చేశాను. ఆ క్రిమిని పెంచి చూసే ప్లేటులో ఏమీ మొలవలేదు, అద్దంలా ఉంది. నాకు బాగా గుర్తు. ఇంత శుభ్రమైన మురుగు ఎవరింటిదా అని కూడా అనుకున్నాను."

ఇంకో సందర్భంలో అయితే అక్క ఆ మాటకి పొంగిపోయేదేమో. ఆ రోజు మాత్రం "మీ ఇద్దరూ నా ఎదురుగా ఉండకండి" అని మొహం తిప్పుకుంది.

దారిలో ల్యాబుకి వెళ్ళి యంత్రంలో చూసుకుంది మా ఆవిడ. ఆమె మాటే నిజం. 10E2 శుభ్రం. క్రిమి లెక్క తారస్థాయిలో ఉన్నది 1E3లో, మొదటి వార్డులో.

అక్కడినుంచి తిన్నగా కేంద్ర కార్యాలయానికి వెళ్ళాం. లెక్కల విభాగాధికారిని అందరూ చాటుగా 'సెంటు సారు' అంటారు. ఆయన గదికి వెళ్ళే ముందే ఆయన వాసన వరండాలో ఎదురొస్తుంది. మురుగుకి అలవాటు పడ్డ ముక్కు నాది, ఆ సెంటుకి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మేం లోపల అడుగు పెట్టగానే ఆయన సొరుగు లోంచి చిన్న సీసా తీసి గాలిలోకి పుస్ పుస్ మని కొట్టాడు. అదీ మా మొహాల ముందే.

"ఏంటమ్మా, ఏం పని మీద వచ్చారు?"

మా ఆవిడ జరిగింది చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నట్టే విని కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు.

"మనుషులు పొరపడతారు. కంప్యూటరు పొరపడదు. చూడండి, ఇది మీరు పంపిన ఫైలే."

తెర మీద వరసగా గుర్తులు. 4W1, 7N5, 9S2, అన్నీ చక్కగానే ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడా వింత అంకెలు కనిపిస్తున్నాయి. ఒక గడిలో 1.00E+03. కొంచెం కిందికి వెళితే ఇంకో గడిలో కూడా 1.00E+03.

మా ఆవిడ ఆ రెండు గడుల్నీ చూపించింది. "ఇవేంటి సార్?"

"ఏవో మీ ల్యాబు గుర్తులు. నాకేం తెలుసు?"

"మా దగ్గర ఇలాంటి గుర్తు లేదు సార్. మీరు ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిచారు కదా?"

"మరి ఎలా తెరవాలి, సుత్తి పెట్టి కొట్టా?"

ఆయన తన జోకుకి తానే నవ్వుకున్నాడు. మా ఆవిడ అడగకుండానే కీబోర్డు ముందుకు లాక్కుని ఖాళీ గడిలో 10E2 అని కొట్టి ఎంటర్ నొక్కింది. రెప్పపాటులో అది 1.00E+03 అయి కూర్చుంది. కింద గడిలో 1E3 కొట్టింది. అది కూడా 1.00E+03.

సారు ముందుకి వంగాడు.

"పెద్ద సంఖ్యల్ని కురచగా రాయడానికి మధ్యలో E పెడతారు సార్" అంది మా ఆవిడ. "10E2 అంటే పదికి పక్కన రెండు సున్నాలు, వెయ్యి. 1E3 అంటే ఒకటికి పక్కన మూడు సున్నాలు, అదీ వెయ్యే. ఇది మనం రాసిన గుర్తుని సంఖ్య అనుకుని మనల్ని అడక్కుండా మార్చేసింది. రెండు వేరు వేరు వీధులు ఒకటైపోయాయి. మీ దగ్గరున్న వీధుల పట్టిక కూడా ఇలాగే తెరిచి ఉంటారు. అందులో వెతికితే మొదట తగిలింది పదో వార్డు, దాని చిరునామా వేసేసింది. మొదటి వార్డు రోగం తెచ్చి మా వదిన గుమ్మానికి అంటించారు."

"అంతేగా! దానికింత హడావుడి దేనికి?" సారు మౌస్ లాక్కున్నాడు. "గడిని టెక్స్ట్‌గా మార్చేస్తే సరిపోతుంది. నాకు తెలీదా?"

వరస మొత్తం పట్టుకుని టెక్స్ట్ అని మార్చాడు. గడిలో 1000 అని వచ్చింది. రెండో గడిలోనూ 1000.

"ఒకసారి మింగేశాక అది పాతది కక్కదు సార్. తెరవకముందే చెప్పాలి. డేటా మెనూలోంచి ఫైలు తెప్పించుకుంటూ, ఈ వరస టెక్స్ట్, ముట్టుకోవద్దు అని అక్కడే చెప్పాలి. చేత్తో కొట్టేటట్టయితే ముందు గడుల్ని టెక్స్ట్ చేసుకుని తర్వాత కొట్టాలి."

"పోనీ మధ్యలో గీత పెట్టండి. E తీసేసి 10-2 అని రాయండి."

ఆమె 10-2 అని కొట్టింది. అది ఒక తేదీ అయిపోయింది.

"ముందు సున్నా పెడితే?"

కొట్టింది. సున్నా మాయమైంది. నాకు నవ్వొచ్చింది, ఆయన నా వైపు గుర్రుగా చూశాడు.

"ముందొక అక్షరం పెడదాం సార్. M10E2. అప్పుడు దాన్ని అంకె అనుకోవడానికి వీల్లేదు." అది కొట్టి చూపించింది. కదలకుండా నిలబడింది. "ఈ గుర్తుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మొదటి వార్డుకి కబురు చేయండి. ఆ మూత పక్కన కుట్టుమిషన్ల షెడ్డు ఉంది. ఆడవాళ్ళు చాలామంది పనిచేస్తారు. ఒక్కచోటే అంత క్రిమి ఉందంటే వాళ్ళు తాగే నీళ్ళలోనే కలుస్తూ ఉండాలి. అక్కడి తాగునీటి కొళాయి కట్టేయించాలి, ఇప్పుడే."

ఆ మాటతో ఆయన మొహం మారింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"చూడమ్మా. నోటీసు మీద సంతకం నాది. ఇప్పుడు తప్పయిందని రాస్తే, ఎందుకయింది, ఎవరివల్ల అయింది అని ఫైలు మొదలవుతుంది. అందులో మీ ల్యాబు పేరూ వస్తుంది. క్యాంటీన్ సంగతి నేను చూసుకుంటా. కొంచెం ఆగి, 'శుభ్రత మెరుగుపడింది' అని రాసి తెరిపించేస్తా. మొదటి వార్డుని వచ్చే విడత పరీక్షల్లో కలుపుదాం. ఎవరికీ ఇబ్బంది లేకుండా పోతుంది."

"వచ్చే విడత దాకా వాళ్ళు ఆ నీళ్ళే తాగాలా?"

"క్యాంటీన్ మీ వదినగారిదే కదా?" నవ్వాడు. ఆ నవ్వులో సెంటు కంటే ఘాటైన వాసన ఉంది. "ఆవిడని తప్పించడానికి మీరు లెక్కలు తారుమారు చేస్తున్నారని ఎవరైనా అంటే? అంటారు. నేను అనకపోయినా అంటారు."

మా ఆవిడ బయటికి వచ్చేసింది. వరండా చివర వాష్‌బేసిన్ దగ్గర ఆగి చేతులు కడుక్కుంది. కీబోర్డు ముట్టుకున్న చేతులు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు, ల్యాబులోంచి వచ్చేటప్పుడు ఎలా కడుక్కుంటుందో అలాగే.

"ఏవండీ, బండి తీయండి" అంది.

మొదటి వార్డుకి వెళ్ళాం. రేకుల షెడ్డు. లోపల మిషన్లు అక్కడొకటి ఇక్కడొకటి ఆడుతున్నాయి. చాలా మిషన్ల ముందు మనుషులు లేరు. సగం కుట్టిన చొక్కాలు సూది కిందే ఉన్నాయి. గోడవార చాప మీద ఇద్దరు ఆడవాళ్ళు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నారు. వాళ్ళ పక్కన బకెట్టు, దాని మీద ఈగలు. షెడ్డు మేస్త్రీ వచ్చి మా బండి మీద రాతలు చూసి, ఇప్పుడెందుకొచ్చారన్నట్టు చూశాడు.

"ఎప్పటినుంచి ఇలా?" అడిగింది మా ఆవిడ.

"చాన్నాళ్ళయింది మేడం. ఎండ దెబ్బ అనుకున్నాం. నిన్న చొక్కాలకి కాజాలు తీసే ఆవిడ పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే."

నేను పనిలో చేరాక చూడని మురుగు లేదు. కుళ్ళిన పిల్లుల్ని గొట్టాల్లోంచి లాగాను, ఇంకా చెప్పడానికి వీల్లేనివి లాగాను. ఒక్కసారీ వాంతి చేసుకోలేదు. ఆ షెడ్డు మూల కొళాయి దగ్గర ఒకావిడ సీసా పట్టుకుంటోంది. నీళ్ళు తేటగా, తళతళా పడుతున్నాయి. చాప మీదున్న ఆవిడకి తాగించడానికి పట్టుకుంటోంది. అది చూడగానే బయటికి పరుగెత్తి గోడ పక్కన వాంతి చేసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి మా ఆవిడ ఆ సీసా చేతిలోంచి తీసుకుని పారబోస్తోంది. "ఈ నీళ్ళు తాగొద్దు. చుక్క కూడా వద్దు. మొహం కూడా కడగొద్దు."

"మరి ఏం తాగాలి?" అంది ఆవిడ. కోపంగా కాదు, నిజంగా తెలియక.

నేను బండిలోంచి పెద్ద పానా తీసుకుని వీధి చివర వాల్వు గుంట దగ్గరికి వెళ్ళాను. వాల్వు కట్టే అధికారం నాకు లేదు. ఆర్డరు కాగితం ఉండాలి, ఇంజనీరు పక్కనుండాలి. అది తుప్పు పట్టి కదల్లేదు. పానా మీద ఒళ్ళంతా వేసి తొక్కితే కిర్రుమంది. షెడ్డులో కొళాయి దగ్గి ఆగిపోయింది. చుట్టుపక్కల ఇళ్ళలోనూ ఆగి ఉంటుంది, ఎందుకంటే కిటికీల్లోంచి తిట్లు మొదలయ్యాయి. మా ఆవిడ బండిలో ఉన్న మంచినీళ్ళ డబ్బాలన్నీ దించి, ఆసుపత్రికి ఫోన్ చేసి, చాప మీద వాళ్ళని నా బండిలోనే ఎక్కించింది. వెనక సీట్ల కంపుకి వాళ్ళలో ఒకావిడ ముక్కు మూసుకుంటే, "క్షమించు తల్లీ, ఇంతకంటే మంచి బండి లేదు" అంది.

అనుమతి లేకుండా నీళ్ళు కట్టేసినందుకు నాకు మెమో వచ్చింది. ఫిర్యాదులు పైదాకా వెళ్ళడంతో పెద్ద మేడం అందరినీ పిలిపించింది. సంస్థకి ఆవిడే అధిపతి. పొడుగాటి బల్ల, గాజు గ్లాసుల్లో కొని తెచ్చిన సీసా నీళ్ళు. నీళ్ళ సంస్థ వాళ్ళు కొనుక్కున్న నీళ్ళు తాగుతున్నారని నేను ఆ రోజే గమనించాను.

మా ఆవిడ రెండు సీసాలు తెచ్చి ఆ బల్ల మీద పెట్టింది. మూతలు గట్టిగా బిగించి ఉన్నాయి, చీటీలు ఎదురుగా కనబడుతున్నాయి. ఒకటి 10E2, ఒకటి 1E3. మేడం కుర్చీ వెనక్కి జరుపుకుంది. జరిగింది చెప్పడానికి మా ఆవిడకి ఎక్కువసేపు పట్టలేదు. మేడం తెలివైన మనిషి. సగంలోనే అర్థమైందని ఆవిడ కళ్ళు చెప్పాయి.

"బయట ఎవరికైనా చెప్పారా?" అది ఆవిడ మొదటి ప్రశ్న.

"షెడ్డులో వాళ్ళకి చెప్పాను."

"పత్రికలకి?"

"లేదు. మేడం, అక్కడ ఒకావిడ చనిపోయింది."

"విన్నాను. చాలా బాధాకరం." ఆవిడ సెంటు సారు వైపు తిరిగింది. "ఆవిడకి వేరే జబ్బులేమైనా ఉన్నాయేమో కనుక్కున్నారా?"

"కనుక్కుంటున్నాం మేడం" అన్నాడు ఆయన, ముందే అనుకున్నట్టు.

మా ఆవిడ సీసాలు తిరిగి తీసుకోలేదు. అక్కడే వదిలేసి లేచి నిలబడింది.

"పైపు తవ్వించండి మేడం. తవ్వేదాకా మా ఆయన వాల్వు తెరవడు. ఇంకెవరైనా తెరిస్తే ఈసారి పత్రికలకి చెబుతాను."

తవ్వారు. మంచినీటి గొట్టమూ మురుగు గొట్టమూ ఒకే గోతిలో పక్కపక్కన పడుకుని ఉన్నాయి. ఎప్పుడో ఎవరో ఖర్చు మిగుల్చుకోవడానికి చేసిన పని. రెండింటికీ ఒకేచోట బీట. చుట్టూ మట్టి నల్లగా, జిగటగా ఉంది. తవ్వినవాళ్ళు కూడా ముక్కు మూసుకున్నారు. కొత్త గొట్టం వేరే గోతిలో వేశారు. ఆసుపత్రికి తీసుకెళ్ళిన ఇద్దరూ కోలుకున్నారు. ఊళ్ళో వాంతులు నెమ్మదిగా తగ్గుముఖం పట్టాయి.

క్యాంటీన్ తాళం తీశారు. దానికి అంటించిన కాగితంలో 'సాంకేతిక సవరణ అనంతరం' అని రాశారు. తప్పు అన్న మాట ఎక్కడా లేదు. షట్టరు పైకి వెళ్ళగానే లోపలినుంచి వచ్చిన కంపుకి నేనే వెనక్కి తగ్గాను. మూసేసిన రోజు పొయ్యి మీదున్న కూర గిన్నెల్లో బూజు పట్టి, మూతల అంచుల్లో పురుగులు పాకుతున్నాయి. అంత శుభ్రమైన వంటిల్లు! అక్క గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి అడుగు పెట్టలేకపోయింది.

మా ఆవిడ సంచిలోంచి రబ్బరు తొడుగులు తీసి వేసుకుంది. "నువ్వు బయట కూర్చో వదినా. ఇది నా పనే" అంది. గిన్నెలు ఒక్కొక్కటే మోసుకెళ్ళి పారబోసింది. నేను నీళ్ళు కొట్టాను. పని అయ్యేసరికి ఇద్దరికీ వెన్ను వంగిపోయింది.

అక్క క్షమాపణ చెప్పలేదు. అలా చెప్పే మనిషి కాదు. చాలాసేపటికి మా ఆవిడ పక్కన వచ్చి కూర్చుని రెండు చేతులూ ముందుకి చాపింది. అప్పుడు చూశాను వాటిని. వేళ్ళ చర్మం పొరలు పొరలుగా లేచిపోయి, కణుపుల దగ్గర పగిలి రక్తం కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని చేతులు కడుక్కుంటూనే ఉందట.

"వీధిలో నన్ను చూసి ముక్కు మూసుకుంటుంటే, నిజంగానే నా ఒంటికి ఏదో అంటుకుందేమో అనిపించేది మరదలా. ఎంత తోమినా పోయేది కాదు. దీనికి ఏం రాయాలే?"

మా ఆవిడ బండిలోంచి ఏదో ట్యూబు తెచ్చి వేలు వేలుకీ రాసింది. అక్క చేతులు వెనక్కి తీసుకోలేదు. నేను నీళ్ళు కొట్టే పని అయిపోయినా కాసేపు కొడుతూనే ఉన్నాను.

క్యాంటీన్‌కి వచ్చేవాళ్ళు మాత్రం మునుపటిలా రాలేదు. వీడియో చూసినవాళ్ళు సవరణ కాగితం చూడలేదు కదా.

ఆ తర్వాత సంస్థలో అందరికీ ఒక శిక్షణ తరగతి పెట్టారు. అంశం: కంప్యూటరు మన సమాచారాన్ని తనంతట తాను మార్చకుండా ఎలా కాపాడుకోవాలి. చెప్పేది ఎవరనుకున్నారు? సెంటు సారే. ఆయనకి కొత్త హోదా కూడా వచ్చింది, గదికి కొత్త బోర్డు. తెర మీద 10E2 కొట్టి, అది 1.00E+03 అవడం చూపించి, "చూశారా, ఎంత మోసం చేస్తుందో!" అన్నాడు. టెక్స్ట్ చేస్తే 1000 వస్తుందని చూపించాడు. తెరవకముందే చెప్పాలన్నాడు. గుర్తు ముందు M పెట్టాలన్నాడు, తానే కనిపెట్టినట్టు. అందరూ రాసుకున్నారు. నిజం చెప్పాలంటే చాలా బాగా చెప్పాడు.

మా ఆవిడ చెయ్యెత్తింది.

"సార్, ఆ గడి ఏ వీధిదో, దానివల్ల ఏమైందో కూడా చెప్పండి. అప్పుడు ఎవరూ మర్చిపోరు."

"మనం నేర్చుకోవడానికి వచ్చామమ్మా, తవ్వుకోవడానికి కాదు" అన్నాడు ఆయన నవ్వుతూ. ముందు వరసలో ఎవరో నవ్వారు కూడా. బల్లల మీద టీ, బిస్కట్లు పెట్టి ఉన్నాయి. మా ఆవిడ తన కప్పు ముట్టుకోకుండా లేచి బయటికి నడిచింది. నేనూ లేచాను. వెనక తలుపు మూసుకునేదాకా ఆ సెంటు వాసన మమ్మల్ని వదల్లేదు.

ఇప్పుడు మూతలన్నిటికీ కొత్త గుర్తులు వేశాం. రంగు డబ్బా నా చేతిలో, అచ్చు రేకు ఆమె చేతిలో. మొదటి వార్డు తూర్పు లైనుకి వెళ్ళినప్పుడు షెడ్డులోంచి ఒకావిడ బయటికి వచ్చింది. ఆ రోజు సీసా పట్టుకున్నావిడే. చనిపోయిన కాజాలావిడ తనకి తోడికోడలట, అది అప్పుడు తెలిసింది.

"కొత్త గొట్టం వేశారుగా. ఇప్పుడు తాగొచ్చా?" అడిగింది.

"తాగొచ్చు. పొద్దున నేనే పరీక్ష చేశాను. ఏమీ లేదు" అంది మా ఆవిడ.

ఆవిడ లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది. మా ఎదురుగా నిలబడి ఒక గుక్క నోట్లో పోసుకుంది. బుగ్గలు ఉబ్బించి కాసేపు అలాగే ఉంచుకుంది. మా ఆవిడ ఆ గొంతు వైపే చూస్తోంది. ఆవిడ పక్కకి వంగి, నేను అప్పుడే రంగు వేసిన మూత పక్కన మట్టిలో ఉమ్మేసింది.

"రుచి బాగానే ఉంది" అంది మూతి తుడుచుకుంటూ. "మింగడానికే మనసొప్పట్లేదు."